కూర్చుని నడిచినవాళ్ళు

మేడమీదికి ఎక్కగానే రోజా ముందు పిట్టగోడ దగ్గరికి పోయింది. తుఫాను షెల్టరు పడమటి గోడ ఉప్పుగాలికి పెచ్చులూడి, ఒకచోట పెద్దవాళ్ళ మోకాలి ఎత్తుకి దిగిపోయి ఉంది. ఆ సందులో పాత రొయ్యల క్రేట్లు పెట్టి, వలతాడుతో ఇనుప చువ్వకి కట్టింది తనే. ముడి లాగి చూసింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి, మళ్ళీ పోయి ఇంకోసారి లాగింది. అప్పుడుగానీ చంకలోని బిందుని కిందికి దించలేదు. దించాక కూతురి వీపుకి చెవి ఆనించి విన్నది. రాత్రంతా ఉన్న పిల్లికూత ఇప్పుడు లేదు. లేదో, లోపలెక్కడో చెవికి అందకుండా ఉందో.

మెట్లమీద చెప్పుల చప్పుడయింది. రొయ్యల షెడ్డుకి పోయేముందు వచ్చే ఆడవాళ్ళు. కొందరు నైటీ మీద తువ్వాలు వేసుకున్నారు, కొందరు చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకున్నారు. అందరి మణికట్టుకీ నల్లటి వాచీ. టైము చూసుకునే వాచీ కాదు, అడుగులు లెక్కపెట్టే వాచీ. నాయుడుపేట అనూష ఇచ్చింది. ఆమె ఫోనులో నడిపే 'పదండి'లో ఊరికొక జట్టు, జట్టుకొక లీడరు. పొద్దున్నే అన్ని ఊళ్ళ జట్లూ ఫోనులో ఒకరికొకరు కనపడుతూ కలిసి కసరత్తు చేస్తాయి. పగలంతా ఎవరెంత నడిచారో వాచీలు లీడరు ఫోనుకి చెప్తాయి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజా లీడరేందని మొదట్లో ముసిముసిగా నవ్వినవాళ్ళే ఈ పాళెంలో ఇప్పుడు ముందు వరసకి పోటీ పడుతున్నారు.

రోజా ఫోనుని స్టాండుకి బిగించి, పాట పెట్టి, చేతులు పైకెత్తింది. వరసలన్నీ ఎత్తాయి. తర్వాత ఎగరమంది. వనజాక్షి ఎగరలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, ఎగరమన్నప్పుడల్లా ఎగిరేదానికి తనేమన్నా రొయ్యనా అని అడిగింది.

"రొయ్యవైతే ఈపాటికి ఒలిచేసుందుముగదమే," అంది వెనక వరసలోంచి గురవమ్మ.

గురవమ్మ రోజా అత్త. నవ్వులకి వరసలు చెదిరాయి. రోజా కూడా నవ్వింది. నవ్వుతూనే ఒక కన్ను క్రేట్ల వైపు వేసి ఉంచింది. బిందు అక్కడికి పోలేదు, చాపమీద కూర్చుని ఎవరిదో చెప్పుని తన కాలికి తొడుక్కుంటోంది.

అయిపోయాక, అందరూ చెమట తుడుచుకుంటుండగా, రోజా ఫోను చూసి చెప్పింది. ఈ వారం కూడా తమ జట్టే ముందుంది. సూళ్లూరుపేట టౌను జట్టు వెనకబడింది. వాళ్ళు షాపులవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు, పొద్దునా సాయంత్రం బూట్లు వేసుకుని మరీ నడుస్తారు. అయినా వెనకబడ్డారు. శుక్రవారం సాయంత్రం మాత్రం తప్పకుండా అందరూ రావాలని మరీమరీ చెప్పింది. ఆ రోజు హాలు ఇచ్చే విజయభాస్కర్ గారు నాయుడుపేటలో అనూష పక్కన కూర్చుని అన్ని జట్లనీ లైవులో చూస్తారు. ఆయనకి ఏ లీడరు నచ్చితే ఆ లీడరుకే సూళ్లూరుపేట హాలు.

హాలంటే ఏమిటో ఆ ఆడవాళ్ళకి రోజా చెప్పనక్కర్లేదు. పోయిన నెల దాన్ని చూసి వచ్చినప్పటి నుంచి వాళ్ళకి చెప్తూనే ఉంది. కింద అద్దాలు బిగించిన పెద్ద గది, పైన లీడరు ఉండటానికి చిన్న గది. ఆ పై గదిలో రోజా చూసింది అద్దాలూ మ్యాట్లూ కాదు. కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నాయా అని చూసింది. కిటికీ తెరిచి, వీధి చివర పిల్లల డాక్టరు బోర్డు కనపడుతుందా అని చూసింది. కనపడింది. వాన పడితే పాళెం రోడ్డు నీళ్ళకింద పోతుంది. పోయిన వానాకాలం బిందుకి ఊపిరాడనప్పుడు రోజా మొగుడు సుధాకర్ పిల్లని భుజానికెత్తుకుని నడుములోతు నీళ్ళలో నడిచాడు. వెనక రోజా ఒక చేత్తో టార్చిలైటు పట్టుకుని, ఇంకో చేత్తో పిల్ల పాదం పట్టుకుని నడిచింది. ఆ పాదం చల్లగా ఉండటం ఆమె అరచేయి ఇంకా మర్చిపోలేదు.

"మేమందరం వొస్తాంలే," అంది వనజాక్షి చెప్పులు వెతుక్కుంటూ. "నీ బిందమ్మ టౌనుపిల్ల అయిపోవాల. ఆ చెప్పు ఇట్టియ్యవే దొంగా."

ఆ మధ్యాహ్నం గురవమ్మ షుగరు మాత్ర ఇంట్లోనే మర్చిపోయింది. రోజా దాన్ని కాగితంలో చుట్టి, బిందుని ఎత్తుకుని షెడ్డుకి పోయింది.

రేకుల షెడ్డు. నేలంతా ఐసు నీళ్ళు. చెక్కపీటల మీద ఆడవాళ్ళు ఎదురెదురు వరసల్లో కూర్చుని ఉన్నారు, మధ్యలో రొయ్యల కుప్పలు. మాట్లాడుకునే ఓపిక కూడా పనిలోనే పోతున్నట్టు ఎవరూ తల ఎత్తడం లేదు. ఎడమచేత్తో రొయ్యని పట్టడం, కుడిచేత్తో తల తుంచడం, బొటనవేలు పొట్టకింద దూర్చి పొట్టు ఊడలాగడం, కండ టబ్బులోకి విసరడం. వేళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు. వాచీలు తడవకుండా వాటికి పాలకవర్లు చుట్టి రబ్బరుబ్యాండ్లు వేసుకున్నారు. ఐసుకి వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

గురవమ్మ నోరు తెరిచింది. చేతులు తడి కాబట్టి మాత్ర రోజానే నాలుకమీద వేసి, సీసా ఎత్తి నీళ్ళు పోసింది. అప్పుడే ఫోను టింగుమంది. జట్టు లెక్క పెరిగితే అట్లా మోగుతుంది. రోజా అలవాటుకొద్దీ తీసి చూసింది.

తెరమీద జట్టులోని పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కన చిన్న పాదం గుర్తు. మనిషి నడుస్తుంటే ఆ పాదం ఆకుపచ్చగా కదులుతుంది. ఇప్పుడు గురవమ్మ పాదం తప్ప అందరి పాదాలూ కదులుతున్నాయి. వనజాక్షి పాదం అయితే పరుగెడుతోంది.

రోజా తల ఎత్తి చూసింది. వనజాక్షి పీటమీద కూర్చునే ఉంది. తుంచుతోంది, లాగుతోంది, విసురుతోంది. విసిరినప్పుడల్లా మణికట్టు ఎగిరిపడుతోంది. గురవమ్మ సీసా మూత పెట్టి మళ్ళీ రొయ్య అందుకుంది. ఆమె పాదం కూడా బయలుదేరింది.

టబ్బు నిండిన ఒకామె లేచి, దాన్ని చంకకి ఆనించి రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తూకం దగ్గరికి నడిచింది. షెడ్డు ఆ చివరికి. రోజా ఆమె పేరు వెతికి చూసింది. పాదం ఆగిపోయి ఉంది. తూకం వేయించి తిరిగి వచ్చి పీటమీద కూర్చోగానే కదిలింది.

షెడ్డు మేస్త్రీ హరినాథ్ ఏంటమ్మా అట్లా నిలబడిపోయావని అడిగాడు. ఏం లేదన్నా అని, రోజా బిందుని ఇంకో చంకకి మార్చుకుని బయటికి వచ్చింది. ఎండలో ఫోను తెర కనపడలేదు. చీర చెంగు కప్పి, దానికింద మళ్ళీ చూసింది. ఇంతకాలం పొద్దున్నే మేడమీద తను చదివిన లెక్కలన్నీ గుర్తొచ్చాయి. టౌను జట్టు వెనకబడింది అని చెప్పినప్పుడు వీళ్ళ మొహాలు ఎట్లా వెలిగాయో గుర్తొచ్చింది. ఎవరూ మోసం చెయ్యలేదు. చెయ్యడానికి వాళ్ళకి తెలియదు. ఇప్పుడు తెలిసింది తనొక్కదానికే.

చెప్పకపోతే ఏమవుతుంది అనుకుంది ఇంటిదాకా. శుక్రవారం ఎంతో దూరం లేదు. హాలు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎవరెన్ని అడుగులు వేస్తే ఎవరికేం.

సాయంత్రం గురవమ్మ వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం గిన్నె ముందు పెట్టుకుంది. ఇంతకుముందు ఈ వేళకి రోడ్డు చివరి దాకా పోయి వచ్చేది. డాక్టరు చెప్పాడు, అన్నం తగ్గించమనీ, తిన్నాక నడవమనీ. నడకకి పోలేదేమని రోజా అడిగింది.

"ఇంకా ఏం నడిచేది? ఈ పొద్దు చెన్నపట్నం దాకా నడిచినానని ఫోను చెప్పలా?" గురవమ్మ గరిటెతో ఇంకొంచెం అన్నం వేసుకుంది. "కూసున్నట్టే ఉంటాది, ఎట్ట నడుస్తానో నాకే తెలవదు. ఆ షెడ్డులో అటూఇటూ లేస్తానే ఉంటాం గదా, అదంతా పడతాది గావాల."

రోజా అత్త పాదాల వైపు చూసింది. చీలమండ దగ్గర వాపు. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటుంది. ఎప్పటి నుంచి నడక మానేసిందో తను గమనించనే లేదు. పిల్ల ఊపిరి వినడంలో పడి అత్త కాళ్ళు చూడలేదు.

ఇంటి వెనక, వలలు ఆరేసిన చోటికి పోయి అనూషకి ఫోను చేసింది. చెప్పడం సరిగ్గా రాలేదు. చేతులు, కాళ్ళు, టబ్బు, పాదం గుర్తు అంటూ ముందూ వెనకా చెప్పింది.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు రోజా," అంది అనూష. కోపంగా అనలేదు. వాచీ చేతికి కట్టేది కాబట్టి చేతి ఊపునే నడక అనుకుంటుందనీ, ఆఫీసులో వాళ్ళకి చెప్తే కూర్చుని చేసే చేతిపని లెక్కలోకి రాకుండా ఒక్క రోజులో సర్దేస్తారనీ చెప్పింది. హాలు సంగతి రోజా అడగలేదు, ఆమే ఎత్తింది. విజయభాస్కర్ గారికి లెక్కలకంటే హుషారు ముఖ్యమట. శుక్రవారం లైవులో అందరూ ఎగిరి గంతేస్తే చాలు. "ఇంకో మాట. వాళ్ళకి ఇదంతా చెప్పొద్దు. చిన్నబుచ్చుకుంటారు. మనం లోపల సర్దుకుందాం."

రోజా సరేనంది. వల మీద ఆరేసిన తన చీర తీసి మడత పెట్టింది. చెప్పేసినందుకు తేలిగ్గా ఉంటుందనుకుంది. మడతలు సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టింది.

సర్దడం వాళ్ళు చెప్పినట్టే ఒక్క రోజులో అయిపోయింది. మర్నాటి పొద్దున మేడమీద మామూలుగానే ఉంది. సాయంత్రం గురవమ్మ వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. వాచీ చెడిపోయిందేమో చూడమంది. తనదొక్కటే కాదు, అందరివీ చెడిపోయాయట. పొద్దున ఏమీ లేదు, ఎండెక్కాక షెడ్డులో ఒక్కసారిగా అందరి చేతులూ గుయ్యిమన్నాయట. ఎవరికీ అర్థంకాక, గోడకున్న డబ్బాలోంచి వచ్చే గొంతు విన్నారట. ఆ డబ్బా అనూషే తగిలించి పోయింది, షెడ్డులో ఉన్నంతసేపూ వాచీలు చెప్పేదంతా అదే రోజా ఫోనుకి పంపుతుంది, చదువురాని వాళ్ళకోసం మాట్లాడుతుంది కూడా. అది ఏమందో గురవమ్మ అనుకరించి చూపింది, పట్నం ఆడపిల్ల గొంతుతో.

"మీరు చాలాసేపటి నుంచి ఊరికే కూర్చుని ఉన్నారు. దయచేసి లేచి కదలండి."

హరినాథ్ పడీపడీ నవ్వాడట. ఎవరికి వాళ్ళకి సిగ్గేసిందట. కాసేపటికి మళ్ళీ గుయ్యిమన్నాయి. మళ్ళీ అదే మాట. చేతిలో రొయ్య పట్టుకుని, పొట్టు సగం లాగి, వనజాక్షి ఆ డబ్బా వైపు చూసి ఒక బూతుమాట అన్నదట.

"మా లెక్క ఎంత పడిందో చూడమ్మే," అంది గురవమ్మ. రోజా చూసి చెప్పింది. గురవమ్మ వాచీ విప్పి గూట్లో పెట్టింది. పడుకోబోయే ముందు, గోడవైపు తిరిగి, వయసు మీద పడ్డాక ఒళ్ళు వంగడం లేదేమో అని మెల్లగా అంది.

చెప్పాల్సిన మాట రోజా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పొద్దు అని అనూష గొంతు. పక్కన బిందు దగ్గింది. రోజా లేచి కూతుర్ని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, వీపు నిమురుతూ అట్లాగే ఉండిపోయింది.

తర్వాతి రోజు మధ్యాహ్నం ఫోనులో పాదాలు కదలడం చూసి రోజా ఉలిక్కిపడింది. అన్నాల వేళ. ఆ వేళలో అందరూ గోడ నీడన చేరి, క్యారేజీలు విప్పి, తిని, కాసేపు నడుం వాల్చాలి. అంతా సర్దేశాక ఈ పాదాలేమిటి. బిందుని తీసుకుని షెడ్డుకి పోయింది.

షెడ్డు చుట్టూ నడుస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, చీరలు ఎత్తి దోపుకుని, కొంగు తలమీద వేసుకుని, ఎండలో. ముందు వనజాక్షి, చివర గురవమ్మ. గోడవార క్యారేజీలు మూతలు తియ్యకుండా వరసగా ఉన్నాయి. హరినాథ్ గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తూ, షెడ్డుకి మొక్కుకున్నట్టున్నారు, ప్రదక్షిణాలు అయ్యాక టెంకాయ కొడతారా అని అడుగుతున్నాడు. నీ నెత్తిన కొడతామని వనజాక్షి జవాబు. నవ్వారు గానీ ఎవరూ ఆగలేదు.

రోజాని చూడగానే వాళ్ళ మొహాలు మారాయి. పిల్లలు పంతులమ్మకి పలక చూపించేటప్పటి మొహాలు. పెరుగుతోందా అని అడిగారు. పెరుగుతోందని చెప్పింది. అది అబద్ధం కాదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. తినండి ముందు అంది. తింటే కాళ్ళు బరువెక్కుతాయి, శుక్రవారం దాటాక తింటాంలే అంది ఒకామె. గంట కొట్టారు. మూతలు తియ్యని క్యారేజీలు అట్లాగే వదిలి, మళ్ళీ పీటల మీద కూర్చున్నారు.

ఆ సందేళ సుధాకర్ పడవలోకి సామాను మోస్తుంటే రోజా రేవుదాకా పోయింది. తిరిగి వస్తుంటే కట్టమీద వనజాక్షి కూర్చుని కనపడింది. ఒక కాలు చాపి, రెండు చేతులా పిక్క పట్టుకుని ఉంది. పళ్ళు బిగించి ఉంది. రోజా పరుగెత్తి, బిందుని పక్కన నిలబెట్టి, ఆమె కాలి బొటనవేలు పట్టుకుని వెనక్కి వంచింది. పిక్కలో కండ రాయిలా ఉంది. బొటనవేలితో కిందినుంచి పైకి రాసింది. కాసేపటికి వదులైంది.

ఈ కట్టమీద ఎన్నిసార్లు తిరిగావక్కా అని అడిగింది. ఎవరు లెక్కపెట్టారు అంది వనజాక్షి. ఇంటికి పోయి వంట చెయ్యాలి, అంతలోపల ఇంకో రెండు తిరుగుళ్ళు తిరగాలట.

"వొద్దక్కా. ఇంక ఆపు."

"ఆపితే ఎట్ట? టౌనోళ్ళు ముందుకి పోయినారంట గదా." వనజాక్షి బిందు వైపు చూసింది. బిందు ఆమె చేతి వాచీ మీది రబ్బరుబ్యాండుని లాగి వదులుతోంది. "పోయిన వానలకి మీ ఆయన పిల్లని భుజాన బెట్టుకోని నీళ్ళలో పోతావుంటే మా ఇంటి ముందర నుంచే గదా పోయినాడు. నేను తలుపు కాడ నిలబడి చూసినా. చూసేదానికి తప్ప దేనికీ పనికి రాలా. ఇప్పుడు నా కాళ్ళతో అయ్యే పని ఒకటి ఉండాదంటే చెయ్యనా?"

ఆమె రోజా భుజం పట్టుకుని లేచి, కుంటుతూ కట్టమీద ముందుకి పోయింది. ఆమె పోతున్నకొద్దీ రోజా చేతిలో ఫోనులో చిన్న పాదం ఆకుపచ్చగా కదిలింది. ఈసారి అది నిజంగా నడకే.

శుక్రవారం షెడ్డుకి రొయ్యలు ఎక్కువ వచ్చాయి. పొద్దుగుంకే వేళకి గానీ వదల్లేదు. ఇంటికి పోయే టైము లేక ఆడవాళ్ళు అట్లాగే మేడమీదికి వచ్చారు. వాళ్ళతోపాటు నీచువాసన, తడి చీరల చలి మేడంతా పరుచుకున్నాయి. వేళ్ళ తొడుగులు తీసి మూటగట్టి మెట్టుమీద పెట్టారు. గురవమ్మ మెట్లెక్కి వచ్చి, పిట్టగోడ పట్టుకుని, ఊపిరి కోసం ఆగింది.

ఫోను స్టాండు మీద ఉంది. ఇంకా లైవు మొదలవలేదు. తెరమీద నాయుడుపేట ఆఫీసు కుర్చీలు మాత్రం ఖాళీగా కనపడుతున్నాయి. రోజా మైకు నొక్కి మూసేసింది.

కూర్చోమంది. వాళ్ళు కూర్చోలేదు, కూర్చుంటే వాచీ గుయ్యిమంటుందని ఎవరో అన్నారు. అప్పుడు రోజా నిలబడే చెప్పింది. షెడ్డులో తను చూసింది, వాచీ దేన్ని నడక అనుకున్నదీ, నాయుడుపేటకి ఫోను చేసింది తనేనని, వాళ్ళు సర్దింది ఏమిటో, సర్దాక షెడ్డులో ఆ గొంతు ఎందుకు వచ్చిందో. చెప్తున్నంతసేపూ బిందు చెయ్యి పట్టుకునే ఉంది. పిల్ల విడిపించుకోవాలని చూస్తే ఇంకా గట్టిగా పట్టుకుంది.

కింద రోడ్డుమీద ఐసు ఆటో పోయింది. గురవమ్మ మణికట్టుకున్న రబ్బరుబ్యాండు తీసి, పాలకవరు విప్పి, వాచీని కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూసింది.

"నా చేతిని కాలనుకునిందా ఇది," అంది. వాచీని చెంగుతో తుడిచి మళ్ళీ అంది. "కాలనుకున్నా బాగుండె. ఇప్పుడు ఏమీ లేదనుకుంటాండాదే."

వనజాక్షి రోజా వైపే చూస్తోంది. "వాళ్ళకి చెప్పినావు, మంచిదే. ఆ మాట ముందు మాకెందుకు చెప్పలా? మద్దేనం అన్నం మాని ఎండలో తిరిగింది చూసినావు గదా. నా పిక్క పిసికినావు గదా. అప్పుడన్నా నోరు రాలా నీకు?"

హాలు పోతుందేమోనని భయమేసిందక్కా అంది రోజా. అది నిజం కాబట్టి ఇంకేమీ కలపలేదు.

ఫోనులో లైవు గంట మోగడం మొదలైంది. తెరమీద కుర్చీల్లో మనుషులు వచ్చారు. అనూష, పక్కన తెల్లచొక్కా ఆయన.

వనజాక్షి ఆ మోతవైపు చూసింది, రోజా చేతిలో పిల్లని చూసింది. కొంగు తీసి నడుముకి బిగించి కట్టింది. ముందు వరసకి పోయి తన చోట నిలబడింది. కోపం మొహంలో అట్లాగే ఉంది. "రాండే, ఏం జూస్తాండారు," అంది వెనక్కి తిరక్కుండా. "దానితో మాటలు తర్వాత. ముందు హాలు సంగతి చూద్దాం." ఒక్కొక్కరే వచ్చి వరసలు కట్టారు. గురవమ్మ పిట్టగోడ వదిలి తన చోటుకి నడిచింది.

రోజా మైకు తెరిచింది. అనూష నవ్వుతూ, పాళెం జట్టు రెడీయా అని అడిగి, విజయభాస్కర్ గారికి వీళ్ళని చూపించి, మన హుషారైన జట్టు ఇదే సార్ అంది. ఆయన తల ఊపాడు. రోజా పాట పెట్టి, వరసలకి ఎదురుగా తిరిగి, చేతులు పైకెత్తింది.

వరసలన్నీ ఎత్తాయి. సందె వెలుగులో ఆ చేతులు ఒక్కసారిగా కనపడ్డాయి. ఐసుకి నానిన వేళ్ళు, పొట్టు ముళ్ళు గీసిన గీతలు. చేతులు ఎత్తి నిలపలేక వణుకుతున్నాయి. వనజాక్షి మోచేతులు వంగిపోతుంటే మళ్ళీ నిటారుగా చేసుకుంటోంది. గురవమ్మ చెయ్యి సగానికి వచ్చి ఆగింది. అయినా అందరి కళ్ళూ రోజా మీదే ఉన్నాయి, తర్వాత ఏం చెయ్యమంటుందా అని. ఎగరమంటే ఎగురుతారు. ఈ క్షణంలో ఏం చెయ్యమన్నా చేస్తారు. ఆ పై గది కిటికీ, వీధి చివరి బోర్డు ఆమె కళ్ళముందు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

తర్వాత చెయ్యాల్సింది ఎగరడం. పాటలో ఆ చోటు వచ్చింది, దాటిపోయింది.

రోజా చేతులు దించింది. ఫోను దగ్గరికి పోయి పాట ఆపేసింది.

"పడుకోండి," అంది.

వాళ్ళకి అర్థం కాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజా గురవమ్మ దగ్గరికి పోయి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, చాపమీద మెల్లగా వెనక్కి వాల్చింది. కాళ్ళకింద తన తువ్వాలు మడిచి ఎత్తుగా పెట్టింది. తర్వాత పక్కామె. వనజాక్షి తనంతట తనే కూర్చుంది. కూర్చుని, ఇదేం కసరత్తే అని గొణిగింది, వాలింది. వీపు చాపకి ఆనగానే ఆమె నోటినుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. వరసగా ఒక్కొక్కరే ఒరిగారు. చేతులు పక్కన పెట్టుకోమని, అరచేతులు పైకి తిప్పుకోమని రోజా మెల్లగా చెప్తూ తిరిగింది. పిడికిళ్ళు పట్టుకుని ఉన్న వేళ్ళని ఒక్కొక్కటే తెరిచింది. అవి చల్లగా ఉన్నాయి. వాచీలు ఒకటీ రెండూ గుయ్యిమన్నాయి. ఎవరూ లేవలేదు.

మేడ నిశ్శబ్దమైంది. అంతమంది ఊపిరి ఒకేసారి వినపడుతోంది. గురవమ్మ నోరు కొంచెం తెరుచుకుంది, గురక మొదలైంది. ఆ పక్కన వనజాక్షి ఒక చెయ్యి కళ్ళమీద వేసుకుంది. ఆ చేతికింద నుంచి నీళ్ళు చెవివైపు జారాయి, తుడుచుకోలేదు.

"రోజా," అంది ఫోనులో అనూష. "నెట్టు ఆగిపోయినట్టుంది. మాకు ఎవరూ కదలడం లేదు. ఒకసారి కట్ చేసి మళ్ళీ కలువు."

రోజా స్టాండు దగ్గరికి వచ్చి, వంగి, చిన్న గొంతుతో మాట్లాడింది. "నెట్టు బాగానే ఉండాదక్కా. అదిగో, మా బిందు నడస్తాండాది, కనపడతాందా?"

బిందు పడుకున్నవాళ్ళ మధ్య సందుల్లో, చాచిన చేతులు తొక్కకుండా జాగ్రత్తగా కాళ్ళెత్తి వేస్తూ నడుస్తోంది. తెల్లచొక్కా ఆయన ముందుకి వంగి చూశాడు. అనూష చెవిలో ఏదో అడిగాడు.

"మరి వీళ్ళంతా ఏం చేస్తున్నారు?" అంది అనూష.

"పడుకోనుండారక్కా. పొద్దుననంగా కూసున్నోళ్ళు, ఇప్పుడే నడుం వాల్చినారు."

"సార్ చూస్తున్నారు రోజా." అనూష గొంతు తగ్గించింది. "ఎంతసేపు?"

రోజా వెనక్కి తిరిగి చూసింది. చీకటి పడుతోంది, మొహాలు సరిగ్గా కనపడటం లేదు.

"లేచిందాకా," అంది.

తెల్లచొక్కా ఆయన చేతి గడియారం వైపు చూసుకున్నాడు. సరే అయితే, తర్వాతి జట్టుకి పోదాం అన్న మాట వినపడింది. తెరమీద పాళెం మేడ చిన్న గడిగా మారి మూలకి పోయింది. మధ్యలోకి సూళ్లూరుపేట జట్టు వచ్చింది. ట్యూబులైట్ల వెలుగులో, రంగురంగుల బూట్లతో, వరసలు తప్పకుండా ఎగురుతున్నారు. పాట పెద్దగా మోగింది.

చాపమీద ఎవరో కదిలారు. రోజా చప్పున వంగి ఫోను శబ్దం పూర్తిగా తగ్గించేసింది.